శుక్రవారం కోర్టులో నేనిచ్చిన తీర్పు

చిన్నప్పుడు నన్ను అందరూ తెలివైనవాడు అనేవారు. ఆ మాట నమ్మడమే నాకు పట్టిన తెగులు. నర్సీపట్నం బోర్డు హైస్కూల్లో ఫిఫ్తు ఫారం, అంటే ఇప్పటి పదో తరగతి, చదివిన ఏడాది నేను చేసిన పని ఒకటుంది. దాన్ని మా ఇంట్లోవాళ్లకి కూడా ఇంతవరకూ పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు కళ్లు సరిగా ఆనడం లేదు, అక్షరాలు వంకర పోతున్నాయి. ఇంకా దాచుకుని ఏం చేసుకోవాలి.

మన్యంలో సర్కారు మీద లేచిన పితూరీ చల్లారి అప్పటికి ఏడాది అయిందో లేదో. ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఊళ్లో మకాం వేసిన పోలీసులు వెళ్లిపోయారు గానీ, వాళ్లు తెచ్చిన భయం వాళ్లతో వెళ్లలేదు. కొండవార పల్లెల్లో ఎర్రటోపీ కనిపిస్తే మగవాళ్లు పెరటి దారిన జారుకుంటున్నారని చెప్పుకునేవారు. ఊళ్లో ఉండే ఉద్యోగస్తుల పిల్లలం మేము. మాకు అదంతా కబుర్ల కింద జమ.

ఆ జూన్‌లో మాకు కొత్త మాస్టారు వచ్చారు. రాజమండ్రిలో ట్రైనింగు ముగించుకుని నేరుగా ఇక్కడికే వచ్చారు. పాతికేళ్లు ఉంటాయేమో. చరిత్రా, దానికి తోకలా ఉండే పౌరధర్మాలూ చెప్పేవారు. తాలూకా బోర్డు ఏం చేస్తుంది, శాసనసభకి ఎవరు ఓటు వెయ్యాలి, ఏ కోర్టుకి ఎంత అధికారం, ఇవీ ఆ పాఠాలు. పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. అంతకుముందున్న మాస్టారి దగ్గర మేము అర్థమైనా కాకపోయినా గడగడా అప్పజెప్పి కూర్చునేవాళ్లం. ఈయన వచ్చీ రాగానే పుస్తకాలు మూయించారు.

ఓటు పాఠం చెప్పిన రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇంట్లో తండ్రికి ఓటున్నవాళ్లంతా నిలబడమన్నారు మాస్టారు. నేను అందరికన్నా ముందు లేచాను. మా నాన్నగారు సబ్ మేజిస్ట్రేటు కోర్టులో బెంచి గుమాస్తా. మేజిస్ట్రేటుగారి పక్కన కూర్చుని వాంగ్మూలాలు రాసే మనిషికి ఓటు లేకపోవడం ఏమిటని నా ధీమా. భూమికి ఇంత అని శిస్తు కట్టేవాళ్లకే పల్లెల్లో ఓటు ఉంటుందనీ, పట్నంలో అద్దె ఇంట్లో ఉండే చిన్న జీతగాడికి ఉండదనీ మాస్టారు విడమరిచి చెప్పి, నన్ను కూర్చోమన్నారు. చివరికి నిలబడి ఉన్నది నలుగురో ఐదుగురో. వాళ్లలో ఒకడు వెనక బెంచీవాడు. ఊరికి పడమరగా ఐదు మైళ్ల దూరంలో కొండ కింద పల్లె వాళ్లది. రైతు కొడుకు. రోజూ నడిచి వచ్చేవాడు. మోకాళ్ల దాకా బురదతో వచ్చి, స్కూలు నూతి దగ్గర కాళ్లు కడుక్కుని క్లాసులోకి అడుగు పెట్టేవాడు. వాడి మాటని మేమందరం వెక్కిరించేవాళ్లం.

ఆ రోజు వెక్కిరింత నా మీదికి తిరిగింది. చట్టమంతా మా ఇంట్లోనే పుట్టిందన్నట్టు కోతలు కోసేవాణ్ణి కదా, తీరా చూస్తే ఆ ఇంటికి ఓటే లేదు. వారం రోజులు నన్ను "ఓటు లేని మేజిస్ట్రేటు" అని పిలిచారు. ఆ వెనక బెంచీవాడు మాత్రం ఒక్కసారి కూడా అలా అనలేదు. అననందుకు వాడి మీద ఇంకా కోపం వచ్చింది. అదేం కోపమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆగస్టులో మాస్టారు శుక్రవారం కోర్టు మొదలుపెట్టారు. శుక్రవారం ఆఖరి పీరియడులో క్లాసే కోర్టు. చీట్లు వేసి ఒకణ్ణి మేజిస్ట్రేటునీ, ఇద్దర్ని ప్లీడర్లనీ, ఒకణ్ణి ముద్దాయినీ చేసేవారు. కేసు మాత్రం మాలోనే ఎవరో ఒకరు చెప్పాలి. మొదటివారం గొడ్డు పొలంలో పడి మేసిన కేసు. రెండోవారం సంతలో తప్పుడు తూకం కేసు. కోటవురట్ల నుంచి వచ్చే కుర్రాడొకడు శెట్టిగారి వేషం కట్టి మమ్మల్ని కడుపుబ్బా నవ్వించాడు. ఆ పీరియడు కోసం మేము వారమంతా ఎదురు చూసేవాళ్లం. నిజం చెప్పాలంటే, అంత బాగా పాఠం చెప్పినవాళ్లని నేను మళ్లీ చూడలేదు.

మూడోవారం ఎవరు కేసు చెబుతారని అడిగితే వెనక బెంచీలోంచి వాడు లేచాడు. ఎప్పుడూ నోరు విప్పనివాడు లేచేసరికి అందరం వెనక్కి తిరిగాం. ఒక రైతు, తొలకరి పడింది, పాత నాగలి విరిగింది, రిజర్వు అడవిలోకి వెళ్లి కర్ర కోసం ఒక చెట్టు కొట్టాడు, ఈడ్చుకొస్తుంటే ఫారెస్టు గార్డు పట్టుకున్నాడు. ఆ రైతుని కోర్టు ఏం చేస్తుంది? ఇదీ వాడు చెప్పిన కేసు. పుస్తకంలో లెక్క అడిగినట్టు అడిగాడు.

ఇది వాళ్ల అయ్య కేసేనని ఇక్కడే చెప్పేస్తాను. మాకెవరికీ తెలియదు. మాస్టారికీ తెలియదు. వచ్చే మంగళవారం వాళ్ల అయ్య మా నాన్నగారి కోర్టులోనే హాజరు కావాలి. ఇంట్లో అక్షరం ముక్క వచ్చినవాడు వాడొక్కడే. సమను వచ్చిన రోజు నుంచీ వాళ్ల అయ్య రోజూ సాయంత్రం, మీ పుస్తకంలో ఏముందిరా అని అడుగుతున్నాడట. మా అందరి ముందూ మా ఇంట్లో కేసుంది అని చెప్పుకోవడానికి వాడికి సిగ్గేసింది. అందుకని ఎవరో రైతు అన్నాడు.

చీట్లు వేస్తే మేజిస్ట్రేటు నేనయ్యాను. ముద్దాయి తరఫు ప్లీడరు చీటీ ఇంకెవడికో వస్తే, కేసు చెప్పినవాడు బతిమాలి తనకి మార్పించుకున్నాడు. అంతవరకూ క్లాసులో నాలుగు మాటలు కలిపి మాట్లాడని వాడు, ఆ రోజు అరగంట వాదించాడు. నాగలి లేకపోతే దుక్కి లేదన్నాడు, దుక్కి లేకపోతే వరి ఉడుపు లేదన్నాడు. కొట్టింది ఒక్క చెట్టే, అమ్ముకోడానికి కాదు. ముందు ఎన్నడూ నేరం చెయ్యలేదు. మధ్యలో యాస దొర్లితే క్లాసంతా నవ్వింది. వాడు ఆగి, మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాడు. నేను కుర్చీలో కూర్చుని, మా కోర్టులో మేజిస్ట్రేటుగారు చేసినట్టే కళ్లద్దాలు సర్దుకుంటున్నట్టు ముక్కు మీద వేలు పెట్టుకుని విన్నాను. నాకు కళ్లద్దాలు లేవు. దానికీ నవ్వారు.

అప్పుడే హెడ్‌మాస్టరుగారు తొంగిచూసి, లోపలికి వచ్చి, వెనకాల కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఆయన్ని చూడగానే నాకు ఇంకో రెండు కొమ్ములు మొలిచాయి.

మాస్టారి నియమం ప్రకారం మేజిస్ట్రేటు పది నిమిషాలు వరండాలోకి వెళ్లి తీర్పు రాసుకుని రావాలి. నా దగ్గర నాన్నగారి బల్ల మీంచి ఎత్తుకొచ్చిన ఫుల్‌స్కేపు కాగితాలు ఉండేవి. కోర్టువాళ్లు మడిచినట్టే మార్జిను మడిచాను. నాన్నగారి చేతిరాతని నేను ఎంత బాగా దించేవాణ్ణంటే, మా అమ్మ కూడా పోల్చుకోలేకపోయేది. కోర్టు భాష ఇంట్లో వినీ వినీ నోటికి వచ్చిందే. ముద్దాయి నేరము రుజువైనదనీ, అడవి సర్కారు వారి ఆస్తి అనీ, ఇట్టివారిని ఉపేక్షించిన యెడల అడవులు మిగలవనీ, అందుచేత చట్టము ప్రకారం ఆరు నెలల కఠిన ఖైదు విధించడమైనదనీ రాశాను. కింద మేజిస్ట్రేటు అని సంతకం. చట్టంలో రాసిన పెద్ద శిక్ష అదే. అది పైహద్దు మాత్రమేననీ, మేజిస్ట్రేటు దానికి ఎంత కిందికైనా దిగవచ్చనీ మాస్టారు ముందటి వారమే చెప్పారు. దిగాలని నాకు అనిపించలేదు. అంత పొడుగు తీర్పు రాసి చివర చిన్న శిక్ష వేస్తే వెలితిగా ఉంటుందనిపించింది. ఇంకో మాట కూడా ఉంది. వాదించింది వాడు. వాడి చేత ఓడిపోయాననిపించాలి.

చదివాను. క్లాసు చప్పట్లు కొట్టింది. హెడ్‌మాస్టరుగారు భాష బాగుందన్నారు. శిక్ష గురించి మాస్టారు ఏదో చెప్పబోతుండగా ఆఖరి గంట కొట్టారు, పిల్లలంతా లేచిపోయారు. వచ్చేవారం మాట్లాడుకుందామని ఆయన కూడా పుస్తకాలు సర్దుకున్నారు.

గేటు దగ్గర వాడు నన్ను ఆపి, ఆ కాగితం ఇమ్మని అడిగాడు. ఎందుకని అడిగితే చూసుకోడానికి అన్నాడు. నా రాత వాడు దాచుకుంటాడనుకుని పొంగిపోయి ఇచ్చేశాను.

సోమవారం వాడు స్కూలుకి రాలేదు. మంగళవారం కూడా రాలేదు. మంగళవారం సాయంత్రం నాన్నగారు కోర్టు నుంచి వచ్చి, కాఫీ తాగుతూ అమ్మతో ఆ రోజు సంగతులు చెబుతున్నారు. కొండ కింద పల్లె రైతు ఒకడు వాయిదాకి రాలేదట. మూడుసార్లు పిలిపించి, వారంటు రాయక తప్పలేదట. ఊరి పేరు చెప్పారు, వాడి ఊరే. కేసేమిటని అమ్మ అడిగింది.

"ఏముంది, నాగలి కర్రకి చెట్టు కొట్టేడు. వచ్చి ఒప్పుకుంటే కోర్టు లేచేదాకా కూర్చోబెట్టి పంపించేసేవారు. సాయంత్రానికి ఇంటికి పోయి అన్నం తినేవాడు. ఈ మారాజు పారిపోయి కూచున్నాడు."

వాడు క్లాసులో చెప్పిన కేసు ఎవరిదో నాకు అప్పుడు అర్థమైంది. కోర్టు లేచేదాకా ఖైదు అని ఒక శిక్ష ఉందని నాకు తెలియకపోలేదు. మొదటిసారి చేసిన చిన్న నేరాలకి మా కోర్టులో వేసే శిక్ష అదే. అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు తింటూ శిక్ష అనుభవించేవాళ్లని నేను ఎన్నోసార్లు చూశాను. తెలిసి కూడా రాయలేదు. అది తీర్పులా వినిపించదని రాయలేదు.

ఆ క్షణంలోనే నాన్నగారికి చెప్పేస్తే ఈ కథ ఇంకోలా ఉండేది. చెప్పలేదు. కోర్టు కాగితాలు ముట్టుకుంటే వీపు చీరేస్తానని ఆయన అంతకుముందే రెండుసార్లు హెచ్చరించి ఉన్నారు. బుధవారం చెబుదామనుకున్నాను. బుధవారం వచ్చాక, వాడే వస్తాడులే, వచ్చాక సర్దుకుంటుందిలే అనుకున్నాను. శుక్రవారం కోర్టులో నన్ను ప్లీడరుగా ఉండమంటే కడుపునొప్పి అని ఇంటికి వచ్చేశాను. వాన వదలకుండా కురుస్తోంది. మొత్తం ఆరు రోజులు నోరు మూసుకుని తిరిగాను. అన్నం తిన్నాను, నిద్రపోయాను, లెక్కల పరీక్షలో మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ ఆరు రోజుల గురించి తలుచుకుంటే నాకు నా మీద అసహ్యం వేస్తుంది.

ఏడో రోజు మాస్టారి గదికి వెళ్లి చెప్పాను. ఆయన కోప్పడలేదు. కాగితం మీద ఇది పాఠం అని ఎక్కడైనా రాశావా అని ఒక్కటే అడిగారు. లేదన్నాను. గొడుగు తీసుకుని నన్ను నడవమన్నారు.

ఐదు మైళ్లూ వానలో నడిచాం. దారి పొడుగునా పొలాల్లో ఆడవాళ్లు ఉడుపులు ఉడుస్తున్నారు.  ఇల్లు కనుక్కునేసరికి మధ్యాహ్నమైంది. తాటాకు ఇల్లు. పంచలో సగం చెక్కిన నాగలి కర్ర లాంటిదేమైనా ఉంటుందేమోనని నా కళ్లు వెతికాయి. ఏమీ లేదు. దాన్ని గార్డు ఎప్పుడో తీసుకుపోయాడు. వాళ్ల పొలం ఒక్కటే దుక్కి లేక గడ్డి లేచి ఉంది.

వాడు మమ్మల్ని చూసి గుమ్మంలో నిలబడిపోయాడు. వాళ్లమ్మ మాస్టారికి పీట వేసి, చూరులో దోపిన వెదురు గొట్టం తీసి, అందులోంచి చుట్టగా చుట్టిన కాగితం బయటికి లాగింది. పొగ వాసన వేస్తోంది. రెండు చేతులతో పట్టుకుని మాస్టారికి ఇచ్చింది.

"కోరుటు గుమాస్తాగోరి బావు ముందుగాల తెలుసుకుని రాసిచ్చినాడట బాబూ. ఆరు నెలలేనా, ఇంకా ఏటైనా రాసున్నాదా, సూడండి."

ఆ గుమాస్తాగారి అబ్బాయి ఆవిడ ఎదురుగానే నిలబడి ఉన్నాడు. ఆవిడకి తెలియదు. నేనేనని చెప్పకుండా మాస్టారి వెనక్కి జరిగాను.

మాస్టారు ఆ కాగితం మొదటినుంచి చివరిదాకా చదివారు. చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. ఇది బడి పిల్లల ఆటమ్మా, కోర్టు కాగితం కాదు అని చెప్పారు. మీ ఆయనకి సాయంత్రం దాకా కోర్టులో కూర్చోవడం తప్ప ఇంకే శిక్షా ఉండదు, బేగి పిలిపించండి అని ఆవిడ మాటలోనే చెప్పారు. ఆవిడకి నమ్మకం కుదరలేదు. కాగితం మీద ఉన్నది ఆట ఎలా అవుతుందో ఆవిడకి అర్థం కాలేదు. మూడుసార్లు చెప్పాక కూలబడి ఏడ్చింది. మనిషి ఆదివారమే కొండదారిన ఘాటీ ఎక్కిపోయాడట. ఏటా ఉప్పు తీసుకెళ్లి చింతపండు తెచ్చుకునే గూడెం ఒకటి ఉంది, అక్కడే ఉంటాడు. ఆరు నెలలు జైల్లో ఉంటే పంటా పోతుంది, పరువూ పోతుంది. అదే ఆరు నెలలు కొండ మీద దాక్కుంటే గొడవ సద్దుమణుగుతుంది అనుకున్నాడు.

వర్షాల్లో మన్యం ఎక్కిన మైదానం మనిషిని చలిజ్వరం ఎలా పట్టుకుంటుందో మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. మాస్టారు ఈ వైపు వారు కాకపోయినా ఆయనకీ తెలిసింది. వాణ్ణీ, వాడి మేనమామనీ అప్పటికప్పుడే కొండకి పంపించారు.

ఊళ్లోకి వచ్చాక మాస్టారే మా ఇంటికి వచ్చి నాన్నగారికి అంతా చెప్పారు. నేను గోడకి ఆనుకుని వీపు సిద్ధం చేసుకున్నాను. నాన్నగారు చెయ్యి ఎత్తలేదు. కాగితం చదివి, అచ్చం తన రాతలాగే ఉందన్నారు. కోర్టు కాగితాలు ఇంటికి తెచ్చుకుని రాసుకోవడం తన తప్పేనని కూడా అన్నారు. ఆ రోజు తరవాత ఆయన ఇంట్లో కలం పట్టగా నేను చూడలేదు. మర్నాడు మేజిస్ట్రేటుగారికి విషయం విన్నవించి, మనిషి వచ్చిన గంటలోనే కేసు పిలిచేటట్టు మాట తీసుకున్నారు.

ఐదో రోజున మనిషి వచ్చాడు. నడిచి కాదు. డోలీలో మోసుకొచ్చారు. మాస్టారు కబురు అందుకుని నన్ను కూడా క్లాసులోంచి లేపి తీసుకెళ్లారు. నేను చూడాలనుకున్నారో, నేను లేకుండా ఆయన చూడలేననుకున్నారో, ఆయన్ని నేను అడగలేదు. ఆస్పత్రికి తీసుకెళ్లండని దారిలో ఎవరు చెప్పినా వినలేదట మేనమామ. వారంటున్న మనిషిని ఆస్పత్రిలో పెడితే అక్కణ్ణించే పట్టుకుపోతారని భయం. ముందు కోర్టే అన్నాడు.

డోలీ కోర్టు వరండాలో దింపారు. దుప్పటి కింద మనిషి వణుకుతుంటే డోలీ కర్ర కూడా కదులుతోంది. మొహం పసుపు పూసినట్టు ఉంది. నేను మొదటిసారి చూశాను ఆయన్ని. నా తీర్పులో ముద్దాయి, రైతు అని రాశాను గదా, అతనికి నెరిసిన మీసం ఉంటుందనీ, ఎడమ చెవికి పోగు ఉంటుందనీ నాకు తోచనే లేదు.

మేజిస్ట్రేటుగారు కేసు పిలిపించి, ముద్దాయి లేవలేడని తెలిసి తానే గుమ్మం దగ్గరికి వచ్చారు. నేరం ఒప్పుకుంటావా అని అడిగారు. నాన్నగారు పక్కన నిలబడి రాసుకుంటున్నారు.

"ఒప్పుకుంతాను బాబూ. నాగలికేనండి."

ఆయన గొంతు విన్నది అంతే. మేజిస్ట్రేటుగారు వెనక్కి వెళ్లి కుర్చీలో కూర్చుని, కోర్టు లేచేదాకా ఖైదు అని తీర్పు చెప్పారు. చెప్పి, ముందున్న కట్టలు మూసేసి, వెంటనే లేచి నిలబడ్డారు. టైము పన్నెండు కూడా కాలేదు. ప్లీడర్లూ, సాక్షులూ ఏమిటో అర్థంకాక ఒకరి తరవాత ఒకరు లేచారు. కోర్టు లేచింది, మనిషిని ఆస్పత్రికి తీసుకుపొండి అని బంట్రోతుతో చెప్పి ఆయన లోపలి గదిలోకి వెళ్లిపోయారు. అరనిమిషం శిక్ష. మాస్టారు మొహం పక్కకి తిప్పుకుని కళ్లు తుడుచుకున్నారు. నాన్నగారు నిలబడే ఆ ఒక్క వాక్యం రాశారు.

ఆస్పత్రిలో కాంపౌండరు చలిజ్వరానికిచ్చే కొయినా మందు పట్టించాడు. ఒక వారం ముందు తెచ్చి ఉంటే చూసేవాళ్లం అన్నాడు మాస్టారితో. నేను పక్కనే ఉన్నాను. వారం ముందు నేను కడుపునొప్పి అని దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, లోపల నేనే లెక్కపెట్టుకున్నాను. మూడో రోజు తెల్లవారేసరికి ఆయన పోయాడు.

శుక్రవారం కోర్టు మళ్లీ జరగలేదు. మాస్టారు పుస్తకాలు తెరిపించారు. పాఠం చదివించి, ప్రశ్నలు రాయించి, అప్పజెప్పించుకునేవారు. పాత మాస్టారి కన్నా చప్పగా చెప్పేవారు. ఏడాది చివర బదిలీ అడిగి వెళ్లిపోయారు. పరీక్షలో పౌరధర్మాల్లో క్లాసుకి నేనే ఫస్టు వచ్చాను. దాంతో నాన్నగారు నన్ను ప్లీడరు చదువుకి పంపుదామన్నారు. నేను పోనన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. తాలూకా ఆఫీసులో లెక్కలు రాసుకుని బతికాను.

వాడు దినాలు అయ్యాక స్కూలుకి వచ్చాడు, టి.సి. తీసుకోడానికి. గుండు మీద తుండు చుట్టుకుని ఉన్నాడు. హెడ్‌మాస్టరుగారు ఇంకో ఏడాదిన్నర ఓపిక పడితే పరీక్ష పాసవుతావన్నారు. మాస్టారు ఫీజు సంగతి తాను చూసుకుంటానన్నారు. దుక్కికి మనిషి లేడని చెప్పి కాగితం పట్టుకుని బయటికి వచ్చేశాడు.

నేను వెనకాలే పరిగెత్తాను. గేటు దాటి సంత వీధి మలుపులో అందుకున్నాను. చెప్పాల్సింది ముందే నోట్లో కూర్చుకున్నాను. తీర్పు నేను రాసిందే, అంత శిక్ష ఉండదని తెలిసే రాశాను, నీ మీద కసితో రాశాను, మీ అయ్య పారిపోయాడని తెలిశాక కూడా ఆరు రోజులు దాచాను. అంతా చెప్పాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

వాడు విన్నాడు. తుండు తీసి మొహం తుడుచుకున్నాడు.

"నువ్వు ఉత్తినే రాసినావని నాకు ఆ పొద్దే తెలుసురా. కలాసులో అందరం నవ్వినాం కదేటి."

మరి ఇంటికెందుకు తీసుకెళ్లావు అని అడిగాను.

"సూపిద్దామని. మా అయ్య నాగలి ముక్కలకాడ కూకుని ఉన్నాడు. సదివి ఇనిపించినాను. నిజమేనేటిరా, సట్టంలో ఇలాగే ఉంతాదేటిరా అని అడిగినాడు. ఆరు నెలలని పుస్తకంలో ఉన్నాది, అంత ఏస్తారో ఎయ్యరో నాకు తెల్దు. నన్ను సదివించడానికి నోరు కట్టుకున్నాడు కదా, తెల్దని ఎలాగ సెప్పీది. అవునయ్యా అన్నాను."

అంతే చెప్పి, తుండు మళ్లీ చుట్టుకుని, పడమర రోడ్డు పట్టి వెళ్లిపోయాడు. తరవాత సంతలో రెండు మూడుసార్లు కనిపించాడు. బెల్లం బండి దగ్గర నిలబడి తల ఊపేవాడు, నేనూ ఊపేవాణ్ణి. 

ఆ మలుపులో ఒంటరిగా నిలబడినప్పుడు నాకు కలిగినదాన్ని కూడా రాసి ముగిస్తాను. రాయకపోతే పైన రాసినదంతా అబద్ధమవుతుంది. వాడు ఆ మాట చెప్పగానే నా గుండె మీంచి బరువు దిగింది. తప్పు నా ఒక్కడిదే కాదని సంతోషం కలిగింది. తండ్రి పోయి పన్నెండు రోజులైన పిల్లవాడి వీపు దూరంగా కనిపిస్తూనే ఉంది, నేను సంతోషించాను.